మడమ గుచ్చి రక్తం తీసేటప్పుడు బిడ్డకు నొప్పి తగ్గించడానికి మనమేం చేయగలం?

వేకువతార

అందరికీ నమస్కారం. నాకు తొమ్మిదో నెల. పుట్టగానే తొడకు విటమిన్ కె ఇంజక్షన్ ఇస్తారనీ, టీకా వేస్తారనీ, ఒకటి రెండు రోజులయ్యాక మడమ గుచ్చి రక్తపు చుక్కలు కాగితం మీదికి తీసుకుంటారనీ చదివాను. అవి వద్దని నేననడం లేదు, అవసరమే. కానీ ఆ సమయంలో బిడ్డకు నొప్పి తగ్గేలా, మందులు కాకుండా, ఏమైనా చేయొచ్చా? చెకప్‌లో అడిగితే "పసివాళ్లకు అంత తెలీదమ్మా, కాసేపు ఏడ్చి ఊరుకుంటారు" అన్నారు. ఆ జవాబుతో నాకు తృప్తి కలగలేదు. అనుభవం ఉన్నవాళ్లు, ఈ రంగంలో పనిచేసేవాళ్లు ఎవరైనా ఉంటే చెప్పండి.

లెక్కలబాబు

మా పిల్లలిద్దరికీ ఇవన్నీ అయ్యాయండీ. ఏడ్చారు, ఊరుకున్నారు. ఇప్పుడు అడిగితే వాళ్లకేమీ గుర్తులేదు. గుర్తుండని దానికి ఇంత టెన్షన్ దేనికి? హాయిగా నిద్రపోండి, ఆ తర్వాత కావాలన్నా దొరకదు.

నైట్‌డ్యూటీ సిస్టర్

వేకువతార గారూ, నేను పసిపిల్లల ఐసీయూలో నర్సుని. మీరు అడిగినదానికి జవాబు ఉంది, అందులో చాలాభాగం మీ చేతిలోనే ఉంది.

నెలలు నిండి పుట్టి, పాలు బాగా తాగే బిడ్డయితే నేను ముందు చెప్పేది పాలివ్వమనే. గుచ్చాక ఓదార్చడానికి ఇవ్వడం వేరు, నేను చెప్పేది వేరు. సూది దిగే సమయానికే బిడ్డ నోట్లో రొమ్ము ఉండాలి. ఏడుపు అందుకున్నాక ఇవ్వబోతే చాలామంది పట్టరు, తల అటూ ఇటూ తిప్పేస్తారు, తల్లికి చెమటలు పడతాయి. అందుకే నేను తొందరపడను. బిడ్డ నోరు బాగా తెరిచి పట్టిందా, కింది పెదవి బయటికి మడిచి ఉందా, గుటక వినబడుతోందా చూస్తాను. గుటకలు ఒక వరసలో పడ్డాక కింద స్టూలు మీద కూర్చుని మడమ చేతిలోకి తీసుకుంటాను. లాన్సెట్ (మడమ గుచ్చే చిన్న సూది పరికరం) టిక్కుమనగానే కాలు ఒక్కసారి వెనక్కి లాక్కుంటుంది. తాగడం ఆగుతుంది. కళ్లు బిగుస్తాయి. కొంతమంది రొమ్ము వదిలి ఏడుస్తారు, చాలామంది మాత్రం మళ్లీ చప్పరించడం మొదలుపెడతారు. నా పని అయిపోయాక కూడా రొమ్ము తీసేయొద్దని చెబుతాను. దూది అద్దడం, ప్లాస్టర్ వేయడం, గుడ్డలో చుట్టడం, ఇవన్నీ అయ్యేదాకా తాగనివ్వాలి.

పాలు పట్టడం కుదరకపోతే స్కిన్ టు స్కిన్. బిడ్డకు డయపర్ మాత్రం ఉంచి మీ ఛాతీ మీద నిలువుగా పడుకోబెట్టుకుని, వీపు మీద దుప్పటి కప్పుకోవడం. ఇది గుచ్చడానికి కనీసం 10-15 నిమిషాల ముందు మొదలవ్వాలి. నర్సు ట్రే పట్టుకుని వచ్చాక గబగబా గుండీలు విప్పితే బిడ్డ కుదురుకునేలోపే సూది దిగిపోతుంది.

మా వైపు నుంచి చేయాల్సినవీ ఉన్నాయి. స్ప్రింగు ఉన్న లాన్సెట్ వాడితే చేత్తో గుచ్చేదానికన్నా నొప్పి తక్కువ, రెండోసారి గుచ్చాల్సిన అవసరమూ తక్కువ పడుతుంది. మడమ మధ్యలో ఎముక దగ్గరగా ఉంటుంది కాబట్టి పక్కభాగంలోనే గుచ్చాలి. ఇంకోటి, చాలామంది గమనించరు, గుచ్చడంకన్నా రక్తం కోసం మడమ పిండటమే బిడ్డను ఎక్కువ ఏడిపిస్తుంది. కాలు గుండెకన్నా కిందికి ఉండేలా బిడ్డను ఎత్తుకుంటే రక్తం తేలిగ్గా దిగుతుంది. ఆ రకంగా కూడా తల్లి ఒళ్లో ఉండటమే మాకు సుఖం.

వేకువతార

సిస్టర్, ఇంత వివరంగా చెప్పినందుకు థాంక్సండీ. రెండు అనుమానాలు. పాలు తాగుతుండగా ఉలిక్కిపడి ఏడిస్తే పాలు గొంతులో అడ్డం పడవా? ఇంకోటి, పాలు తాగినప్పుడల్లా నొప్పి వస్తుందని బిడ్డ మనసులో పడి, రొమ్ము చూస్తేనే భయపడితే?

నైట్‌డ్యూటీ సిస్టర్

రెండూ అందరూ అడిగేవే. మా వార్డులోకి కొత్తగా వచ్చే నర్సులు కూడా అడుగుతారు. బిడ్డ తల కొంచెం ఎత్తులో ఉండి, మామూలుగా మింగగలిగే బిడ్డయితే భయం లేదు. నేను ఇన్నేళ్లలో ఇబ్బంది చూడలేదు. రెండోదానికి వస్తే, బిడ్డ రోజుకు ఎన్నోసార్లు తాగుతుంది. అందులో ఒక్కసారి కాలు చురుక్కుమంటే రొమ్ము మీద విరక్తి పుట్టదు. మళ్లీ ఆకలేసినప్పుడు మామూలుగానే వెతుక్కుంటుంది.

పిల్లల డాక్టర్ పీజీ

సిస్టర్ చెప్పినదానికి ఆధారాలు కలుపుతాను. 2000లో పీడియాట్రిక్స్ పత్రికలో గ్రే, వాట్, బ్లాస్ అనే ముగ్గురి అధ్యయనం వచ్చింది. మడమ గుచ్చేటప్పుడు తల్లి ఛాతీ మీద ఉన్న పిల్లల ఏడుపు, ఉయ్యాలలో పడుకున్న పిల్లలతో పోలిస్తే 82 శాతం తక్కువ. ముఖం చిట్లించడం 65 శాతం తక్కువ. 2002లో గ్రే బృందమే పాలిస్తూ గుచ్చి చూసింది. అక్కడ ఏడుపు 91 శాతం, ముఖం చిట్లించడం 84 శాతం తగ్గాయి. చిన్న అధ్యయనాలే, ఒక్కోదాంట్లో 30 మంది పిల్లలు. కానీ తర్వాత వేరే దేశాల్లో చేసినవీ ఆ దిశలోనే వచ్చాయి. టీకా నొప్పి తగ్గించడం గురించి 2015లో ప్రపంచ ఆరోగ్య సంస్థ ఇచ్చిన పత్రంలో, వీలైతే పాలిస్తూనే టీకా వేయించమని ఉంది. అందులోనే ఇంకొన్ని ఉన్నాయి: సూది గుచ్చాక పిస్టన్ వెనక్కి లాగి చూడనక్కర్లేదు, ఒకేసారి రెండు మూడు టీకాలుంటే ఎక్కువ మండేది చివర వేయాలి, నొప్పి తగ్గుతుందని సూది వేసే చోట రుద్దొద్దు.

ముందుజాగ్రత్తగా పారాసెటమాల్ చుక్కలు వేయమంటారా అని తల్లులు అడుగుతుంటారు. సూది నొప్పికి అది పనికిరాదు. మడమ గుచ్చే నొప్పి మీద దాన్ని పరీక్షించి చూశారు, లాభం కనబడలేదు.

లెక్కలబాబు

డాక్టర్ గారూ, నా ప్రశ్న అక్కడే ఉంది. ఏడుపు తగ్గింది, ముఖం చిట్లించడం తగ్గింది, సరే. నోట్లో రొమ్ము ఉంటే ఏ పిల్లాడైనా ఎలా ఏడుస్తాడు? నోరు మూసుకుపోయి శబ్దం రాకపోవడాన్ని నొప్పి తగ్గడం అంటే ఎలాగండీ? అసలు పుట్టిన రెండో రోజు బిడ్డకు నొప్పి మనలాగే తెలుస్తుందని ఎవరు చూశారు?

పాతకాగితం

లెక్కలబాబు గారి రెండో ప్రశ్నకు నేను చెబుతాను. మత్తు డాక్టర్‌గా పనిచేసి రిటైరైనవాణ్ణి.

ఆయన అడిగినట్టే ఒకప్పుడు వైద్యలోకమంతా అనుకుంది. పసివాళ్ల నరాల మీద మైలిన్ అనే పైపొర పూర్తిగా ఏర్పడలేదు కాబట్టి నొప్పి మెదడు దాకా సరిగా చేరదు అన్నది వాదన. పెద్దవాళ్లలో కూడా నొప్పిని మోసే సి తంతువులకు మైలిన్ ఉండదన్న సంగతి పాఠ్యపుస్తకంలోనే ఉంది, అయినా ఆ వాదన నడిచింది. దానికి తోడు, నెలలు నిండని పిల్లలు మత్తుమందులు తట్టుకోలేరన్న భయం. భయంలో కొంత నిజమూ ఉంది. ఈ రెండూ కలిసి ఎంతదూరం వెళ్లాయంటే, 1980ల మధ్య దాకా గుండె దగ్గర మూసుకుపోని నాళాన్ని కట్టే ఆపరేషన్ కూడా, కండరాలు కదలకుండా చేసే మందు, కొంచెం నైట్రస్ ఆక్సైడ్ అనే తేలికపాటి మత్తు వాయువు మాత్రమే ఇచ్చి చాలాచోట్ల చేసేవారు. బిడ్డ కదలదు కాబట్టి బల్ల మీద అంతా ప్రశాంతంగానే కనిపిస్తుంది.

1987లో ఆక్స్‌ఫర్డ్‌లో పనిచేస్తున్న కన్వల్‌జీత్ ఆనంద్, ఆయన సహచరులు లాన్సెట్ అనే వైద్య పత్రికలో ఒక అధ్యయనం ప్రచురించారు. అదే ఆపరేషన్. కొందరు పిల్లలకు ఫెంటానిల్ అనే బలమైన నొప్పి మందు కూడా ఇచ్చారు, కొందరికి పాత పద్ధతిలోనే చేశారు. ఫెంటానిల్ అందని పిల్లల్లో ఒత్తిడి హార్మోన్లు బాగా పెరిగాయి, ఆపరేషన్ తర్వాత చిక్కులు కూడా వాళ్లలోనే ఎక్కువ. అదే సంవత్సరం న్యూ ఇంగ్లండ్ జర్నల్‌లో హికీతో కలిసి ఆనంద్ రాసిన సమీక్ష, అమెరికన్ పిల్లల డాక్టర్ల అకాడమీ ప్రకటన వచ్చాయి. నవజాత శిశువుకు మత్తు ఇవ్వకుండా కోయడం సరికాదని అప్పటి నుంచీ ఒప్పుకున్నారు. అంటే ఇది నా ఉద్యోగ జీవితంలోనే జరిగిన మార్పు. వేకువతార గారికి చెకప్‌లో దొరికిన జవాబు అంతకుముందటి కాలానిది.

గుర్తుండదు అన్న మాటకు కూడా ఒకటి చెబుతాను. 1997లో టాడియో బృందం, పుట్టిన కొత్తలో సున్తీ జరిగిన మగపిల్లల్ని 4-6 నెలల వయసులో టీకా వేసేటప్పుడు గమనించింది. సున్తీ జరగని పిల్లలకన్నా వాళ్లు ఎక్కువ ఏడ్చారు. సున్తీ ముందు మత్తు క్రీము రాసిన పిల్లలు మధ్యలో ఉన్నారు. పిల్లవాడు చెప్పగలిగే జ్ఞాపకం కాదది, కానీ ఒంట్లో ఎక్కడో నిలిచే ఉంది.

పిల్లల డాక్టర్ పీజీ

సార్, మీలాంటివాళ్లు ఈ కథ చెబితే బాగుంటుంది, మా క్లాసులో రెండు నిమిషాల్లో దాటేశారు.

లెక్కలబాబు గారి మొదటి ప్రశ్న నిజంగా మంచి ప్రశ్న. అందుకే మేం ఏడుపు ఒక్కదాన్నే లెక్కపెట్టం. పసిపిల్లల నొప్పిని కొలవడానికి పీఐపీపీ అనే స్కోరు ఉంది. అందులో కనుబొమల మధ్య చర్మం ఉబ్బి ముడిపడిందా, కళ్లు గట్టిగా మూసుకున్నాయా, ముక్కు పక్క నుంచి పెదవి మూల దాకా గీత లోతుగా పడిందా, అలా ఎన్ని సెకన్లు ఉందా అని చూస్తారు. వాటికి గుండె వేగం, రక్తంలో ఆక్సిజన్ కలుపుతారు. ఎన్ని వారాలకు పుట్టింది, నిద్రలో ఉందా మెలకువగా ఉందా అన్నదీ లెక్కలోకి వస్తుంది. నోరు నిండా రొమ్ము ఉన్నా కనుబొమలు దాచలేవు కదా. గుండె వేగం అసలే దాచలేదు. పాలు తాగుతున్న పిల్లల్లో ఆ వేగం కూడా తక్కువే పెరిగింది.

ఇక మెదడు. 2015లో ఆక్స్‌ఫర్డ్‌లో రెబెకా స్లేటర్ బృందం, నిద్రపోతున్న నవజాత శిశువుల్ని ఎంఆర్ఐలో ఉంచి పాదం మీద మొనదేలిన కడ్డీతో సున్నితంగా తాకించి చూసింది, చర్మం తెగదు. పెద్దవాళ్లలో నొప్పికి స్పందించే 20 ప్రాంతాల్లో 18 పిల్లల్లోనూ స్పందించాయి. "మనలాగే" అనే మాటను శాస్త్రం ఇంతకన్నా దగ్గరగా చూపించలేదు.

లెక్కలబాబు

సరే, కనుబొమల దగ్గర నేను ఓడిపోయాను. 😄 కొనసాగించండి.

ఏడోనెల అమ్మ

ఇక్కడ అందరూ పాలివ్వండి, ఎత్తుకోండి అంటున్నారు. మా బాబు నెలలు నిండకుండా పుట్టాడు. ఇంక్యుబేటర్‌లో, ముక్కుకు గొట్టం, చేతికి కాన్యులా. పాలు లేవు, ఎత్తుకునే వీలూ లేదు. మొదట్లో అద్దం బయట నిలబడి చూడటమే. నాలాంటివాళ్లు చదివితే గుండె బరువెక్కకుండా ఇది రాస్తున్నా: మనకీ ఒక పని ఉంటుంది.

అక్కడి సిస్టర్ ఒకావిడ నాకు చేతులతో పొదవి పట్టుకోవడం నేర్పింది. చేతులు కడుక్కుని వేడెక్కేదాకా రుద్దుకోమంది. ఒక అరచెయ్యి బాబు తలకు టోపీలా ఆనించి, రెండో చెయ్యి మడిచిన కాళ్ల కింద పెట్టించింది. కడుపులో ముడుచుకుని ఉన్న భంగిమ అన్నమాట. చేతులు గుండెల దగ్గరికి, నోటి దగ్గరికి వచ్చేలా. "నిమరకమ్మా, అలా ఉంచు, అంతే" అని ఒకటికి నాలుగుసార్లు చెప్పింది. నాకేమో వేళ్లు ఊరికే ఉండవు, నిమరాలనిపిస్తుంది. నిమిరినప్పుడల్లా వాడు వేళ్లు చాపేవాడు, మానిటర్ మీద అంకెలు కిందికి దిగేవి. చెయ్యి కదపకుండా ఉంచితే కాసేపటికి వేళ్లు మళ్లీ ముడుచుకునేవి.

ఆవిడ రక్తం తీసే చెయ్యి మాత్రం బయటికి ఉంచి, మిగతా ఒళ్లంతా నా చేతుల్లో ఉండగానే తీసేది. వాడు ఏడ్చేవాడే కాదు. ఏడవకపోతే నొప్పి లేదని నేను అనుకున్నా. అలా కాదట. నీరసంగా ఉన్న పిల్లలు ఏడవలేరట.

పిల్లల డాక్టర్ పీజీ

అవును అమ్మా. తక్కువ వారాల పిల్లలకు నొప్పిని ముఖంలో, గొంతులో చూపించే శక్తి తక్కువ. నొప్పి తక్కువని కాదు. నిజానికి వెన్నుపాములో నొప్పిని పైనుంచి అదుపు చేసే వ్యవస్థ వాళ్లలో ఇంకా తయారవలేదు, అందుకని మామూలు తాకిడి కూడా వాళ్లకు ఎక్కువే. స్కోరులో వారాలను లెక్కలోకి తీసుకునేది అందుకే. ఆ సిస్టర్ నిమరొద్దన్నదీ అందుకే.

అయితే నెలలు నిండిన పిల్లల్లో నిమరడం మీద 2018లో ఒక పరిశోధన వచ్చింది. రక్తం తీయడానికి ముందు కాలి మీద మెత్తటి బ్రష్షుతో సెకనుకు సుమారు 3 సెంటీమీటర్ల వేగంతో నిమిరితే, నొప్పికి మెదడులో వచ్చే స్పందన తగ్గింది. ఇంకా వేగంగా నిమిరితే ఆ ఫలితం రాలేదు. తల్లులు మామూలుగా బిడ్డను నిమిరే వేగం కూడా దాదాపు అంతే.

ఎన్‌ఐసీయూ, అంటే పసిపిల్లల ఐసీయూ గురించి ఒక అంకె చెప్పాలి. 2008లో కార్బహాల్ బృందం పారిస్ ప్రాంతంలోని ఐసీయూల్లో 430 మంది పిల్లల్ని మొదటి 14 రోజులు గమనించింది. ఒక్కో బిడ్డకు సగటున రోజుకు పది దాకా నొప్పి కలిగించే పనులు. వాటిలో 79 శాతం ముందుగా ఏ ఉపశమనమూ లేకుండానే జరిగాయి. గొట్టం వేయడం, గొంతులో తెమడ లాగడం, ప్లాస్టర్ పీకడం, ఇవీ అందులోనివే. సూది ఒక్కటే నొప్పి అనుకుంటాం.

సందేహాల పుట్ట

ప్లాస్టర్ సంగతి ఎవరూ చెప్పరు, థాంక్యూ. మా వాడికి సూదికన్నా ఆ ప్లాస్టర్ తీసినప్పుడే ఒళ్లంతా ఎర్రబడేది.

నా డౌట్ వేరే. పంచదార నీళ్లు నాకిస్తే నొప్పి తెలీదని ఒక వీడియోలో చూశా. ఇంట్లో స్పూనుతో కలిపి తీసుకెళ్లొచ్చా? తేనె అయితే ఇంకా మంచిదేమో?

నైట్‌డ్యూటీ సిస్టర్

తేనె వద్దు. ఏడాది నిండేదాకా ఒక్క చుక్క కూడా వద్దు. అందులో ఉండే బీజాల వల్ల బొట్యులిజం వచ్చే ప్రమాదం ఉంది, చంటిపిల్లలకు ప్రాణం మీదికి వస్తుంది. పాసిఫైయర్‌కు రాసి పెట్టడం కూడా వద్దు.

పంచదార నీళ్లు కూడా ఇంట్లో కలపొద్దు. ఎంత గాఢత అన్నది తెలీదు, శుభ్రత చెప్పలేం, ఇంట్లో ఏడ్చినప్పుడల్లా నాకించడం అలవాటవుతుంది. ఆసుపత్రిలో కొలత ప్రకారం తయారుచేసిన సుక్రోజ్ (పంచదార ద్రావణం) ఉంటుంది. మేం వాడేది 24 శాతం. అది నాలుక ముందుభాగం మీద చుక్కలుగా వేస్తాం, బిడ్డ బరువును బట్టి, వారాలను బట్టి కొద్దిగానే. తర్వాత రెండు నిమిషాలు ఆగాలి. ఈ రెండు నిమిషాలే ఎవరికీ ఓపిక ఉండదు! వేసిన వెంటనే గుచ్చితే వేసీ లాభం లేదు. పని ఎక్కువసేపు సాగితే మధ్యలో ఇంకో చుక్క. దానితోపాటు చప్పరించడానికి పాసిఫైయర్‌గానీ, గ్లవ్ వేసుకున్న వేలుగానీ ఇస్తే ఇంకా బాగా పనిచేస్తుంది. ఇంకా ఏమీ నోటితో ఇవ్వకూడదన్న బిడ్డకైతే డాక్టర్‌ను అడగకుండా మేం వేయం.

లెక్కలబాబు

మళ్లీ నేనే. సుక్రోజ్ మీద కొంచెం చదివా. 2010లో లాన్సెట్‌లో వచ్చిన పేపర్లో, సుక్రోజ్ ఇచ్చినా ఈఈజీలో (మెదడు విద్యుత్ తరంగాల రికార్డులో) నొప్పి స్పందన తగ్గలేదు, ముఖం చిట్లించడం మాత్రమే తగ్గింది అని ఉంది. అంటే తీపితో నోరు ఊరుకోబెడుతున్నామేగానీ నొప్పి అలాగే ఉందన్నమాట. డాక్టర్ గారేమంటారు?

పిల్లల డాక్టర్ పీజీ

మీరు హోంవర్క్ చేసి వచ్చారు. ఆ పేపర్ కూడా స్లేటర్ బృందానిదే. అప్పట్లో పెద్ద చర్చ నడిచింది, ఇంకా పూర్తిగా తేలలేదు. ఈఈజీలో కనిపించే ఆ ఒక్క తరంగమే మొత్తం నొప్పి అనలేం. నొప్పి సంకేతం మెదడుకు చేరడం ఒకటి, దానివల్ల బిడ్డ ఎంత బాధపడిందన్నది ఇంకొకటి. తీపి రెండోదాని మీద పనిచేస్తూ ఉండొచ్చు.

నోరు ఊరుకోబెట్టడం మాత్రమే కాదనడానికి వేరే ఆధారాలున్నాయి. అదే పంచదార ద్రావణాన్ని గొట్టం ద్వారా నేరుగా పొట్టలోకి పంపితే ఫలితం లేదు, అంటే కడుపు నిండటం వల్ల వచ్చేది కాదు, నాలుకకు తీపి తెలియాలి. ఎలుక పిల్లల్లో ఓపియాయిడ్‌ను (మార్ఫిన్ లాంటి నొప్పి నివారకాలను) అడ్డుకునే మందు ఇస్తే ఈ తీపి ఫలితం పోయింది. గర్భంలో మెథడోన్ అనే ఓపియాయిడ్ మందుకు గురైన పిల్లల మీద సుక్రోజ్ పనిచేయలేదు. కాబట్టి ఒంట్లోని సహజమైన నొప్పి నివారకాలతో దానికి సంబంధం ఉందని చాలామంది నమ్మకం.

నా వరకు నేను సుక్రోజ్‌ను మూడో స్థానంలో పెడతాను. పాలు, స్కిన్ టు స్కిన్ కుదిరితే దాని జోలికి వెళ్లను. ఇంకో కారణం కూడా ఉంది. 31 వారాలకన్నా ముందు పుట్టిన పిల్లలకు మొదటి వారంలో మళ్లీ మళ్లీ సుక్రోజ్ ఇచ్చిన 2002 అధ్యయనంలో, ఎక్కువ డోసులు అందుకున్నవాళ్లలో కదలికలు, చురుకుదనం స్కోర్లు కొంత తక్కువ వచ్చాయి. ఒక్క అధ్యయనమే, కారణం అదేనని చెప్పలేం. కానీ అందుకే దాన్ని కూడా మందులాగే లెక్క రాసి ఇవ్వాలి. ఏడుపు ఆపే చుక్కలుగా వాడకూడదు.

పాతకాగితం

ఇక్కడ ఒక గీత గీయాలి. ఇప్పటిదాకా మాట్లాడుకున్నవన్నీ మడమ గుచ్చడం, టీకా, రక్తం తీయడం లాంటి చిన్న పనులకు. ఛాతీలో గొట్టం వేయడానికో, ఆపరేషన్‌కో తల్లిపాలు, తీపి చుక్కలు చాలవు. అక్కడ మందులు ఇవ్వాల్సిందే. "మందు లేకుండా" అన్నది గొప్పగా చెప్పుకోవాల్సిన విషయం కాదు, చిన్న నొప్పికి మందుల దుష్ఫలితాలు లేని దారి ఉంది, అంతే. మా తరం చేసింది చూశాక నాకీ విషయంలో కొంచెం పట్టుదల ఎక్కువ.

కొత్తనాన్న

మా ఆవిడకు సిజేరియన్ డేట్ ఇచ్చారు. మొదటి రోజు తను లేవలేకపోతే నేను షర్ట్ విప్పి బిడ్డను ఎత్తుకుంటే పనిచేస్తుందా? ఛాతీ మీద వెంట్రుకలున్నాయి, నవ్వకండి.

నైట్‌డ్యూటీ సిస్టర్

నవ్వడం లేదు, ఇది చాలామంది నాన్నలు మెల్లగా అడిగే ప్రశ్నే. పనిచేస్తుంది. తల్లినీ తండ్రినీ పోల్చి చూసిన అధ్యయనం కూడా ఉంది, తేడా చాలా తక్కువ. సెంటు, పౌడరు మానేయండి, చేతికి గడియారం, మెడలో గొలుసు తీసేయండి. వెంట్రుకలతో బిడ్డకు ఇబ్బంది లేదు, పిడికిలిలో పట్టుకుని పీకితే మీకే ఇబ్బంది. సిజేరియన్ అయినా తల్లి పక్కకు తిరిగి పడుకుని పాలివ్వొచ్చు, కాళ్లు నా వైపు ఉంటే మడమ నాకు అందుతుంది. అందుకని ముందే నాన్న దగ్గరికి పంపించేయకండి, ఆమెనూ అడగండి.

మౌనిక అమ్మ

అన్నీ బాగానే ఉన్నాయి కానీ మమ్మల్ని లోపల ఉండనిస్తేగా! మా పాపకు రక్తం తీసేటప్పుడు నన్ను బయట నిలబెట్టి తలుపేశారు. లోపల ఏడుపు వినబడుతూనే ఉంది. "తల్లి ఉంటే పిల్ల ఎక్కువ ఏడుస్తుంది" అన్నారు. ఎంత సేపు ఏడ్చిందో, ఎన్నిసార్లు గుచ్చారో ఇప్పటికీ నాకు తెలీదు.

నైట్‌డ్యూటీ సిస్టర్

మీకు జరిగింది బాధాకరం. మా వైపు నిజం కూడా చెబుతాను. తల్లి ఎదురుగా ఉంటే చెయ్యి వణికే నర్సులున్నారు, ముఖ్యంగా కొత్తవాళ్లు. నరం దొరక్కపోతే నాలుగు కళ్లు చూస్తున్నాయన్న టెన్షన్. తల్లి కళ్లు తిరిగి పడిపోతుందన్న భయం. వంగి చేయడం వల్ల నడుం నొప్పి కూడా. ఇవేవీ బిడ్డ తప్పులు కావు, అయినా ఆ భారం దాని మీదే పడుతుంది.

అడిగే పద్ధతి ఒకటి చెబుతాను. ట్రే వచ్చాక వాదనకు దిగితే ఎవరూ వినరు. ఉదయం రౌండ్స్‌లోనే, "ఈ రోజు ఏమైనా రక్తపరీక్షలున్నాయా? ఉంటే పాలిచ్చే టైమ్‌కు పెట్టగలరా, నేను పాలిస్తూ పట్టుకుంటాను" అనండి. వద్దంటే, "పక్కన నిలబడి తల, కాళ్లు పట్టుకుంటాను" అనండి. రెండోదానికి చాలామంది ఒప్పుకుంటారు, ఎందుకంటే బిడ్డను కదలకుండా పట్టుకునే మనిషి మాకూ కావాలి. రెండు మూడు పరీక్షలుంటే ఒకేసారి తీయగలరా అని అడగడం కూడా మర్చిపోవద్దు. నెలలు నిండిన పిల్లలకు రక్తం ఎక్కువ కావాల్సి వస్తే, చెయ్యి తిరిగినవాళ్లు నరం నుంచి తీయడం మడమ పిండటంకన్నా నయం.

వేకువతార

ఇదంతా ప్రింట్ తీసి మావారికి ఇచ్చాను. ఉదయం రౌండ్స్‌లో అడగడం ఆయన డ్యూటీ. ఒకవేళ నాకు పాలు ఆలస్యంగా పడితే? మూడో రోజు దాకా పాలు పడలేదని మా అక్క చెప్పింది.

పిల్లల డాక్టర్ పీజీ

మొదట వచ్చే ముర్రుపాలు కొంచెమే ఉంటాయి, అదేం ఫర్వాలేదు. రొమ్ము పట్టడం, చప్పరించడం, మీ ఒంటి వెచ్చదనం, వాసన, మీ గొంతు, ఇవన్నీ కలిసి పనిచేస్తాయి. అందుకే పిండిన పాలు స్పూనుతోనో సిరంజితోనో చుక్కలుగా వేసినప్పుడు, రొమ్ము పట్టినంత ఫలితం రావడం లేదు. చుక్కలు మాత్రమే ఇచ్చే పరిస్థితి అయితే దానికి స్కిన్ టు స్కిన్ కలపండి.

ఏడోనెల అమ్మ

చివరిగా ఒకటి అడగొచ్చా? మా బాబుకు రెటీనా పరీక్ష ఉంది. కళ్లు తెరిచి ఉంచడానికి క్లిప్పు పెడతారట. దానికి ఏం చేయొచ్చు? పాలిస్తూ చేయడం కుదరదు కదా.

నైట్‌డ్యూటీ సిస్టర్

కుదరదమ్మా. అది పిల్లలకు కష్టమైన పరీక్షే, అబద్ధం చెప్పను. కంటికి మత్తు చుక్కలు డాక్టర్ వేస్తారు. వాటికి తోడు బాబును మెత్తటి గుడ్డలో చేతులు లోపలికి మడిచి చుట్టిస్తాం, రెండు నిమిషాల ముందు నాలుక మీద సుక్రోజ్, నోట్లో పాసిఫైయర్. మీరు తల దగ్గర కాదు, ఒంటి దగ్గర ఉండి పొదవి పట్టుకోండి, మీకు ఆ విద్య ఇప్పటికే వచ్చు. ఇన్ని చేసినా ఏడుస్తాడు, తక్కువ ఏడుస్తాడు. పరీక్ష ఎన్ని గంటలకో ముందే కనుక్కుని, దానికి ముందు పొట్ట నిండుగా పాలు పట్టకుండా చూడండి, కక్కుకోకుండా. కనుపాప పెద్దదయ్యేందుకు వేసిన చుక్కల వల్ల తర్వాత కొన్ని గంటలు వెలుతురు చూడలేడు. ఇంక్యుబేటర్ మీద గుడ్డ కప్పమని చెప్పండి, ఆ పూట వేరే రక్తపరీక్షలేమైనా ఉంటే మర్నాటికి మార్చగలరేమో డ్యూటీ డాక్టర్‌ను అడగండి.